రాట్‌వైలర్ కొనేముందు మీ గేటు చూసుకోండి

"కాపలాకి ఏ జాతి మంచిది మేడం?" అని అడిగినవాళ్లని నేను ముందు ఒకటే అడుగుతాను. మీ ఇంట్లో అందరికంటే ఒంట్లో బలం తక్కువున్న మనిషి ఎవరు? మీ అమ్మగారా, ఏడో తరగతి చదివే పాపా, వంటకి వచ్చే ఆవిడా? గేటు తెరిచి ఉన్నప్పుడు ఆ కుక్క బయటికి ఉరికితే, ఆ మనిషి గొలుసు పట్టుకుని ఆపగలరా? ఆపలేరంటే జాతి సంగతి తర్వాత, ముందు మీ గేటు సంగతి మాట్లాడుకుందాం.

నేను పశువైద్యురాలిని. గుంటూరులో చిన్న క్లినిక్. మొదట్లో గేదెలు, దూడలు చూసేదాన్ని, ఇప్పుడు రోజంతా కుక్కలే. అమరావతి వైపు ఫాంహౌస్‌లు వచ్చాయి, ఊళ్లలో పిల్లలు విదేశాలకి వెళ్లిపోయి పెద్దవాళ్లే మిగిలిన డాబా ఇళ్లు పెరిగాయి, వాటితోపాటు పెద్ద జాతి కుక్కలూ పెరిగాయి. మనవైపు ఎక్కువగా కొనేది రాట్‌వైలర్ కాబట్టి ఇందులో దాని గురించే ఎక్కువ ఉంటుంది.

మొరిగితే చాలా, మీద పడాలా?

దొంగ గోడ దూకకముందే వెనక్కి పోవాలి, అంతే కదా మనకి కావాల్సింది. దానికి మొరుగు చాలు. అర్ధరాత్రి అలికిడికి లేచి వీధంతా మేలుకునేలా మొరిగే పని మన ఊరకుక్క చేసినంత బాగా ఏ ఫారిన్ జాతీ చేయదు. వీధిలో పుట్టిన ఆడ కుక్కపిల్లని రెండు మూడు నెలల వయసులో తెచ్చి, టీకాలు వేయించి, ఆరేడు నెలలకి ఆపరేషన్ చేయిస్తే పదేళ్లు పైనే మీ గేటు కాస్తుంది. మన ఎండకి పుట్టిన ఒళ్లు, తిండికీ పేచీ పెట్టదు. ఈ మాట చెబితే చాలామందికి మొహం చిన్నబోతుంది. వాళ్లకి కావాల్సింది కాపలాతోపాటు కాస్త దర్జా కూడా. అది తప్పని అనను, కానీ దర్జాకి ఎంత ఖర్చవుతుందో తెలిసి కొనాలి.

తోటకో, కోళ్ల షెడ్డుకో, పక్కా ఇళ్లు లేనిచోట ఒంటరిగా ఉండే కుటుంబానికో నిజంగా పెద్ద కుక్క అవసరం ఉండొచ్చు. అక్కడ కూడా పనిని బట్టి జాతి మారుతుంది. రాట్‌వైలర్ జర్మనీలో పశువుల మందల్ని తోలిన జాతి. జర్మన్ షెపర్డ్ కూడా మందల దగ్గర మనిషి మాట విని పనిచేసిందే. ఇవి యజమాని ముఖం చూసి "ఏం చేయమంటావ్" అని అడిగే రకం. టర్కీ కంగల్, కాకేసియన్ షెపర్డ్ అలా కాదు. కొండల్లో గొర్రెల మందతో మనిషి దగ్గర లేకుండా రాత్రంతా ఉండి, తోడేలు వస్తే సొంతంగా నిర్ణయం తీసుకునే కుక్కలవి. ఆ సొంత నిర్ణయం మీ ఇంటి గేటు దగ్గర, పాల ప్యాకెట్టు వేయడానికి వచ్చిన కుర్రాడి విషయంలో తీసుకుంటే ఏమవుతుందో ఆలోచించండి. పైగా కాకేసియన్‌కి ఉన్నది మంచుకోటు. మే నెలలో రెంటచింతలలో 45 డిగ్రీలు దాటే మన ప్రాంతంలో దాన్ని పెంచడానికి ఇరవై నాలుగు గంటలూ ఏసీ గది ఉన్నవాళ్లు కూడా నాలుగు నెలలు దాన్ని గదిలో బంధించినట్టే లెక్క. ఆ రెండు జాతులు అడిగితే నేను నిర్మొహమాటంగా వద్దంటాను.

రాజపాళయం అడిగేవాళ్లూ ఉన్నారు. తమిళనాడు జాతి, మన వాతావరణానికి పుట్టింది, కాపలాకి మంచిదే. కానీ ఒకరిద్దరినే నమ్ముతుంది, కొత్తవాళ్లని దగ్గరికి రానివ్వదు. తెల్లటి ఒంటితోపాటు చెవుడు కూడా ఆ వంశంలో వస్తుంటుంది. పిల్లని ఎంచుకునేటప్పుడు దాని వెనక నిలబడి చప్పట్లు కొట్టి చూడండి. మిగతా పిల్లలు పక్కనుంటే వాటిని చూసి ఇది కూడా తల తిప్పుతుంది కాబట్టి, విడిగా తీసుకెళ్లి చూడాలి.

ఇంకో మాట, కోతుల కోసం పెద్ద కుక్క కొనకండి. ఒక కుక్కని చూసి కోతుల గుంపు చెట్టెక్కుతుంది, అంతకుమించి జరిగేది తక్కువ. పెద్ద మగ కోతి తిరగబడి కరిస్తే ఆ గాట్లకి కుట్లు వేసేది నేనే.

గేటు దగ్గరికి వచ్చేవాళ్ల జాబితా

కాగితం తీసుకుని ఒక నెలలో మీ గేటు దాకా వచ్చేవాళ్లందరినీ రాయండి. పాలు, పేపరు, వాటర్ క్యాన్, గ్యాస్ బండ, కరెంటు మీటరు చూసే అతను, కొరియర్, పూలమ్మి, ఒకటో తారీఖున పింఛను ఇవ్వడానికి వచ్చే సచివాలయం ఉద్యోగి, పిల్లల స్నేహితులు, సంక్రాంతికి దిగే చుట్టాలు. వీళ్లలో ఎవరు నేరుగా లోపలికి వస్తారో, ఎవరికి గేటు గడియ లోపలికి చేయి పెట్టి తీసుకోవడం అలవాటో గుర్తు పెట్టుకోండి. మన ఊళ్లలో కాటు ప్రమాదాల్లో చాలా వరకు ఆ చేతి దగ్గరే మొదలవుతాయి.

ఇప్పుడు గేటు చూడండి. అడుగున పిల్ల దూరేంత సందు ఉందా? ఊచల మధ్య నుంచి కుక్క మూతి బయటికి వస్తుందా? రోడ్డు మీద పోయే పిల్లాడు ఊచల్లోంచి చేయి పెట్టి నిమరబోతే? గోడ ఆరడుగులు ఉందా, పక్కన ఇసుక కుప్పో, పాత దిమ్మో ఉండి అది మెట్టులా పనికొస్తుందా? పెద్ద కుక్క ఉన్న ఇంటికి రెండు గేట్లు ఉండాలి, మధ్యలో కనీసం ఒక మనిషి నిలబడేంత చోటు. ఒకటి మూశాకే రెండోది తీయాలి. బెల్లు బయటి గేటుకి ఉండాలి. దీనికి ముప్పై నలభై వేలు అవుతుందంటే అదీ కుక్క ఖరీదులో భాగమే.

మేడ మీద కట్టేస్తాం, మెట్ల కింద ఉంచుతాం అంటే ఇక్కడే ఆపేయండి. పగలంతా గొలుసుకి కట్టి రాత్రి వదిలితే కుక్క కాపలాదారు కాదు, భయస్తురాలవుతుంది. భయపడిన కుక్క ముందుగా ఎవరిని కరుస్తుందో చెప్పలేం, చాలాసార్లు అన్నం పెట్టే మనిషినే. మేడ స్లాబు అయితే మార్చి నుంచి జూన్ దాకా కాలేసే వీలుండదు. మీ అరచేతి వెనక భాగాన్ని స్లాబు మీద ఏడు సెకన్లు ఉంచి చూడండి, ఉంచలేకపోతే దాని పాదాలూ ఉంచలేవు.

ఒంటరిగా ఉన్న అమ్మానాన్నలకి

దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నేను బాధపడేది ఇక్కడే. అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. తెనాలి దగ్గర ఊళ్లో అమ్మానాన్న ఇద్దరే. ఏదో దొంగతనం వార్త చూసి, హైదరాబాదులో స్నేహితుడి ద్వారా రాట్‌వైలర్ పిల్లని పంపిస్తాడు. వచ్చినప్పుడు ఎనిమిది వారాలు, ఎత్తుకుంటే ఒడిలో పడుకుంటుంది. ఆరు నెలలకి ముప్పై కిలోలకి అటూఇటూగా వస్తుంది. ఏడాదిన్నర దాటేసరికి మగది యాభైకి చేరుతుంది, అరవై దాకా పోయేవీ ఉంటాయి. కొట్టు నుంచి తెచ్చుకునే పాతిక కిలోల బియ్యం బస్తాలు రెండు, కాకపోతే ఇవి గుంజుతాయి.

అలాంటి ఇంటావిడ ఒకరు మణికట్టు విరిగి కట్టుతో వచ్చారు. కుక్క తప్పేం లేదు, ఎదురింటి పిల్లి కనపడింది, ఉరికింది. గొలుసు జారిపోకూడదని ఆవిడ దాన్ని చేతికి రెండు చుట్లు చుట్టుకున్నారు. "వాడు నాకు కాపలా అని మావాడు ఫోన్లో చెబుతాడు డాక్టరమ్మా, వాడిని కాయడానికే నాకు సరిపోతోంది," అన్నారు. కుక్క మాత్రం ఆవిడ చెప్పుల మీద గడ్డం ఆనించి పడుకుని ఉంది. చాలా మంచి కుక్క. ఇల్లే దానికి తగింది కాదు.

కాబట్టి పిల్లలు వినండి. అమ్మానాన్నలకి అరవై దాటి, ఇంట్లో దాన్ని నడిపించే వయసు మనిషి ఎవరూ లేకపోతే పెద్ద జాతి పంపకండి. గేటుకి లైటు, కెమెరా, ఇనప గ్రిల్లు, మంచి మొరుగున్న ఊరకుక్క ఒకటి, పక్కింటివాళ్ల ఫోన్ నంబరు. ఇవి చాలు. "పనికుర్రాడిని పెడతాంలే, వాడు తిప్పుతాడు" అంటారు. అప్పుడు ఆ కుక్కకి యజమాని ఆ కుర్రాడే అవుతాడు. అతను పని మానేసి వెళ్లిన రోజున ఆ ఇంట్లో యాభై కిలోల కుక్క ఉంటుంది, దానికి మాట చెప్పే మనిషి ఉండడు.

డబ్బు సంగతి

పిల్ల ధర అసలు లెక్కలోకి రాదు. యాభై కిలోల కుక్కకి రోజుకి సుమారు 600 గ్రాముల డ్రై ఫుడ్ కావాలి, అంటే నెలకి 18 కిలోలు. మీరు వాడదలచిన కంపెనీ సంచీ ధర చూసి గుణించుకోండి. ఇంట్లో వండి పెట్టేదైతే వట్టి పెరుగన్నంతో పెద్ద కుక్క బతకదు, చికెనో గుడ్లో రోజూ కొనాలి. మందులు బరువుని బట్టి. నులిపురుగుల మాత్ర పది కిలోలకి ఒకటి అయితే మీ వాడికి ఒకేసారి ఐదు. మనవైపు పిడుదుల జ్వరం రాని కుక్క అరుదు. వస్తే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ 28 రోజులు, రక్త పరీక్షలు, పరిస్థితి మరీ విషమిస్తే సెలైన్లు. పిడుదులు కుక్క మీద కంటే గోడ పగుళ్లలో ఎక్కువ ఉంటాయి, అందుకని ఇల్లు కూడా శుభ్రం చేయించుకోవాలి.

పొట్ట ఉబ్బరం అని ఒక గండం ఉంది. లోతైన ఛాతీ ఉన్న పెద్ద జాతుల్లో పొట్ట గాలితో నిండి మెలిక పడుతుంది. కుక్క వాంతికి ప్రయత్నిస్తుంది, ఏమీ రాదు, నురగ వస్తుంది, కుదురుగా ఉండలేదు, పొట్ట బిగుసుకుపోతుంది. కొన్ని గంటల్లో ఆపరేషన్ జరగకపోతే ప్రాణం పోతుంది. అందుకే కొనేముందే కనుక్కోండి, రాత్రి పదకొండింటికి మీ ఊళ్లో గానీ గంట ప్రయాణంలో గానీ ఆ ఆపరేషన్ చేసే చోటు ఉందా? లేవలేని యాభై కిలోల కుక్కని కారెక్కించడానికి ఇద్దరు మనుషులు దొరుకుతారా? రోజు తిండి రెండు మూడు పూటలుగా పెట్టడం, తిన్న వెంటనే పరిగెత్తనివ్వకపోవడం అలవాటు చేయాలి.

వయసు కూడా లెక్కేయండి. రాట్‌వైలర్ తొమ్మిది పదేళ్లు బతుకుతుంది. తుంటి కీళ్ల జబ్బు, ఎముక క్యాన్సర్ ఆ జాతికి ఎక్కువ. ఈ పదేళ్లలో మీకు బదిలీ ఉందా, అద్దె ఇల్లా, ఇంట్లో పసిబిడ్డ పుట్టబోతోందా? ఎంత మంచి కుక్కయినా పసిపిల్లలతో ఒంటరిగా ఒక్క నిమిషం కూడా వదలకూడదు.

చట్టం ఏమంటోంది

2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ 23 జాతుల అమ్మకాన్ని, పెంపకాన్ని ఆపమని రాష్ట్రాలకి లేఖ రాసింది. రాట్‌వైలర్, కంగల్, కాకేసియన్, కేన్ కోర్సో అన్నీ అందులో ఉన్నాయి. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు ఆ ఉత్తర్వుని కొట్టేసింది. ఎటుపోయినా మీ మున్సిపాలిటీలో లైసెన్సు తీసుకోండి, టీకా కార్డు దగ్గర పెట్టుకోండి. మీ నిర్లక్ష్యం వల్ల కుక్క ఎవరికైనా ప్రమాదం తెస్తే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. "కుక్క ఉన్నది జాగ్రత్త" బోర్డు పెట్టాం కదా అని చేతులు దులుపుకుంటే కుదరదు. కాటు పడితే గాయాన్ని సబ్బుతో పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి ఆస్పత్రికి తీసుకెళ్లాలి, మన కుక్కకి టీకాలు వేయించి ఉన్నా సరే.

అయినా కావాలంటే

గేటు సరిపోయింది, మనిషున్నాడు, డబ్బుంది, రోజుకి గంటన్నర తిప్పే ఓపిక ఉంది. అయితే ముందు ఆ జాతి పెద్ద కుక్క ఉన్న ఇంటికి మే నెలలో వెళ్లండి. పిల్లని చూడటానికి కాదు, పెద్ద మగదాన్ని గొలుసు పట్టుకుని వీధి చివరి దాకా నడిపించడానికి. ఇంట్లో అందరూ ఒక్కోసారి నడిపించాలి. తిరిగొచ్చాక ఎవరి ముఖం ఎలా ఉందో చూస్తే సగం నిర్ణయం అయిపోతుంది.

పిల్లని కొనేచోట తల్లిని చూడకుండా డబ్బు ఇవ్వకండి. తల్లి కొత్తవాళ్లని చూసి మూలకి నక్కినా, పళ్లు చూపించినా పిల్లలు ఎంత ముద్దుగా ఉన్నా వచ్చేయండి. ఎనిమిది వారాల లోపు పిల్లని అమ్మడం కుక్కల పెంపకం, అమ్మకాలపై కేంద్రం తెచ్చిన 2017 నిబంధనల ప్రకారం నిషేధం. మన దగ్గర ముప్పై ఐదు రోజుల పిల్లల్ని అట్టపెట్టెల్లో పెట్టి ఇచ్చేస్తున్నారు. వాటిలో చాలా పిల్లలు పార్వోతో, అంటే వాంతులు, రక్త విరేచనాలు పట్టే వైరస్ జబ్బుతో, నా బల్ల మీదికి వస్తాయి, రాట్‌వైలర్, డాబర్‌మన్ పిల్లల్ని అది మరీ గట్టిగా పట్టుకుంటుంది. "ఇంపోర్ట్ లైన్", అంటే విదేశం నుంచి తెచ్చిన వంశం, అని చెప్పేవాళ్లని కేసీఐ (కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా) వంశ కాగితం, మైక్రోచిప్ నంబరు అడగండి, తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రేలు ఉన్నాయా అడగండి. ఆ ప్రశ్నకి విసుక్కున్నవాడి దగ్గర కొనకండి.

ఇంటికి తెచ్చాక మొదట జరిగేది, ఎవరో ఒకరు క్యాల్షియం సీసా తెచ్చివ్వడం. ముందుకాళ్లు కొంచెం వంకరగా కనిపించగానే "ఎముక బలానికి" అని రోజుకి నాలుగు చెంచాలు. పెద్ద జాతి పిల్ల పేగుకి అధిక క్యాల్షియంని ఆపే శక్తి మొదటి నెలల్లో సరిగా ఉండదు, పోసినంతా పీల్చుకుంటుంది, దాంతో ఎముక పెరుగుదలే దారి తప్పుతుంది. పెద్ద జాతి పిల్లల కోసం చేసిన తిండి పెడుతున్నప్పుడు పైనుంచి టానిక్కు అక్కర్లేదు. వట్టి చికెన్, అన్నం పెట్టే ఇళ్లలో మాత్రం క్యాల్షియం తక్కువై కాళ్లు వంగుతాయి, అప్పుడు ఎంత ఇవ్వాలో డాక్టరు లెక్కగట్టాలి. పిల్లని బొద్దుగా పెంచకండి, పక్కటెముకలు చేతికి తగలాలి. మన ఇళ్లలో గ్రానైటు, టైల్సు నున్నగా జారతాయి. అది తిరిగే దారిలో రబ్బరు మ్యాట్లు వేయండి, ఏడాది దాటేదాకా మెట్లమీద పరుగులు వద్దు.

మూడో వారం నుంచి పన్నెండో పద్నాలుగో వారం దాకా చూసిందే పిల్లకి లోకం. ఆ రోజుల్లో గొడుగు పట్టుకున్న మనిషి, హెల్మెట్ పెట్టుకున్న కొరియర్, బుర్ఖాలో ఉన్న ఆవిడ, కర్ర ఊపుకుంటూ నడిచే తాతగారు, మిక్సీ శబ్దం, పసిపిల్లల ఏడుపు, అన్నీ చూడాలి, వినాలి. టీకాలు పూర్తి కాలేదు కాబట్టి వీధిలో నేల మీద దించకుండా ఎత్తుకుని తిప్పండి. "అందరితో కలిస్తే కాపలా కాయదు" అనుకోకండి. ఏది మామూలో తెలిసిన కుక్కకే ఏది మామూలు కాదో తెలుస్తుంది. పచ్చిమాంసం పెడితే రోషం వస్తుందని, చీకటి గదిలో కట్టేస్తే పౌరుషం వస్తుందని చెప్పేవాళ్ల మాట వినకండి. డబ్బు తీసుకుని "ఎటాక్ ట్రైనింగ్" ఇస్తామనేవాళ్లని ఇంటి ఛాయలకి రానివ్వకండి. రమ్మంటే రావడం, వదిలెయ్ అంటే వదలడం, చోటు చూపిస్తే అక్కడే ఉండటం, మూతికి చిక్కం తొడిగించుకోవడం, ఈ నాలుగూ తినుబండారాలతో నేర్పితే ఆ కుక్క పదేళ్లు నిశ్చింతగా ఉంటుంది. అసలు స్వభావం ఏడాది, రెండేళ్ల మధ్య బయటపడుతుంది. నిన్నటిదాకా తోక ఊపిన కుక్క గేటు దగ్గర బిగుసుకుని నిలబడి గుర్రుమనడం మొదలుపెడితే నవ్వి "మావాడికి మీసాలొచ్చాయి" అనుకోకుండా ఆ వారంలోనే డాక్టరుకి చూపించండి.

ఆడదా, మగదా అంటే మొదటిసారి పెంచేవాళ్లకి ఆడదే చెబుతాను, పది కిలోలు తేలిక. ఏడాదికి రెండుసార్లు ఎదకి వస్తుంది, అప్పుడు వీధిలో మగకుక్కలన్నీ మీ గేటు దగ్గరే కాపురం పెడతాయి. పిల్లలు వద్దనుకుంటే ఆపరేషన్ చేయించండి. పెద్ద జాతులకి మరీ చిన్నప్పుడే చేస్తే కీళ్లకి మంచిది కాదు కాబట్టి ఎప్పుడన్నది మీ డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోండి.

రెండేళ్లు దాటిన పెద్ద కుక్కని "ఊరు మారుతున్నాం, ఊరికే ఇచ్చేస్తాం" అని ఎవరైనా అంటే వెంటనే ఒప్పుకోకండి, వెంటనే కాదనకండి. మూడుసార్లు వేర్వేరు వేళల్లో వెళ్లండి, ఒకసారి చెప్పకుండా వెళ్లండి. అది తింటున్నప్పుడు చూడండి, ఆ ఇంటి గేటు దగ్గర చూడండి, దాన్ని చూసిన డాక్టరుతో మాట్లాడండి. ఇదివరకు ఎవరినైనా కరిచిందా అని ఇంటివాళ్లని అడిగాక, పక్కింటివాళ్లని కూడా అదే అడగండి.